పోయినవాళ్లకు బదులు పలికేదెవరు?

విశాఖ తీరాన ఉన్న జాలారిపేటలో, ఒంటిమీదికి వచ్చి పలికే ఆడవాళ్ళ గురించి చార్లెస్ నకోల్స్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1991లో ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పిన ప్రకారం తల్లి నోట పలికేది తరచు ఆమె పోగొట్టుకున్న కొడుకే. ఇంట్లో జ్వరం తగ్గకపోతే, వేటకెళ్ళిన పడవకు చేప పడకపోతే, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతే జనం ఆమె ముందు కూర్చుని కారణం అడుగుతారు. పోయిన పిల్లవాడు అలా పేటకంతా పనికొచ్చే మనిషయ్యాడు. తల్లి దుఃఖానికి పదిమందిలో ఒక కొలువు దొరికింది.

అదే నగరంలో ఇప్పుడు కళ్ళకు గుడ్డ కట్టుకుని చాపల మీద పడుకున్నవాళ్ళ పక్కన ఒకరు డోలు వాయిస్తారు. దీన్ని షమానిక్ జర్నీ అంటున్నారు. మరో గదిలో ఒక మనిషి తనలోని భయంతో ఒకసారి, తనలోని కోపంతో ఒకసారి విడివిడిగా మాట్లాడుతుంటే కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని వింటుంది. అది పార్ట్స్ వర్క్. జాలారిపేట తల్లి చేసిందీ వీళ్ళు చేసేదీ ఒకటేనా అన్నది నేను విన్న తగువు. తగువుపడ్డ ఇద్దరూ మా ఇంటివాళ్ళే. మావయ్య కుర్రతనంలో సీతంపేట ఏజెన్సీలో ఆరోగ్య కార్యకర్తగా తిరిగాడు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా మానసిక ఆస్పత్రిలో నర్సుగా చేశాడు. ఆయన మేనకోడలు కౌన్సెలర్. డోలూ వాయిస్తుంది, పార్ట్స్ వర్కూ చేయిస్తుంది. నేను మధ్యలో కూర్చున్నాను కాబట్టి నాకు తోచిందీ అక్కడక్కడ చెబుతాను.

మావయ్య: అమ్మడూ, ముందు ఒక సంగతి చెప్పు. నువ్వు డోలు వాయిస్తుంటే ఆ పడుకున్నవాళ్ళు ఎక్కడికి వెళ్తారు?

మేనకోడలు: తమకు తెలిసిన చోట భూమిలోకి ఒక దారి ఊహించుకోమంటాను. ఒకరికి అమ్మమ్మగారి ఊరి నుయ్యి తోస్తుంది, ఒకరికి మర్రిచెట్టు తొర్ర. దాని వెంట దిగి, అడుగున ఎవరు ఎదురైతే వాళ్ళని పలకరించాలి. జంతువు కావచ్చు, మనిషి కావచ్చు. అడగాల్సింది అడుగుతారు. పావుగంటకు దరువు మారుస్తాను, అదే గుర్తుగా వచ్చిన దారినే తిరిగొస్తారు. మైకేల్ హార్నర్ 1980లో రాసిన 'ద వే ఆఫ్ ద షమాన్' పుస్తకంలోది ఈ పద్ధతి. నిమిషానికి 200కు పైగా దెబ్బలు, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా.

మావయ్య: ఆ హార్నర్ అమెజాన్ అడవుల్లో షువార్, కొనీబో జనం మధ్య ఉండి నేర్చుకున్నాడు. వాళ్ళ దగ్గర దిగేది ఎవరు? జబ్బుపడ్డవాడా, జబ్బు కుదిర్చేవాడా?

మేనకోడలు: కుదిర్చేవాడు. ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాడు.

మావయ్య: నీ దగ్గర?

మేనకోడలు: ఎవరి ప్రయాణం వాళ్ళదే.

మావయ్య: నా తకరారంతా అక్కడే ఉంది. కాలు విరిగినవాడే కొండెక్కి మందాకు తెచ్చుకోవాలన్నట్టుంది. కుంగిపోయిన మనిషి, నిద్రలేని మనిషి, తన మీద తనకే నమ్మకం లేని మనిషి. అతన్నే చీకట్లోకి పంపుతున్నావు. అడుగున ఎదురైనవాళ్ళు ఏం చెప్పినా కాదనేవాళ్ళు అక్కడ లేరు. 'నువ్వు పనికిరావు, చచ్చిపో' అంటే?

మేనకోడలు: అందుకే పైకొచ్చాక కూర్చోబెట్టి మాట్లాడతాను. అయినా ప్రయాణం అన్నంత మాత్రాన భయపడకు మావయ్యా, ఇది మనకు కొత్తది కాదు. నువ్వు తిరిగిన కొండల్లోనే ఉంది. పియర్స్ విటెబ్స్కీ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1970ల మధ్యలో ఒడిశా వైపు సవర గిరిజనుల ఊళ్ళకు వచ్చాడు. 1993లో 'డయలాగ్స్ విత్ ద డెడ్' అని పుస్తకం వేశాడు. అందులో ఉన్నది నువ్వు కళ్ళారా చూసిందే కదా.

మావయ్య: సీతంపేట వైపు కొంత చూశాను. విటెబ్స్కీ కంటే ముందు వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆయనకంటే ముందు మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు. పంతులుగారంటే మనవాళ్ళకు వ్యావహారిక భాషే గుర్తు, ఈ పని గుర్తుండదు. సరే, నువ్వన్నావు కాబట్టి అక్కడ అప్పట్లో ఏం జరిగేదో చెబుతాను. ఆ తర్వాత నీ చాపల సంగతి మాట్లాడదాం.

చెప్పింది ఆయన మాటల్లోనే ఇస్తున్నాను. సవరల్లో చావు తర్వాతి పనులు నడిపేది ఎక్కువగా ఆడ కుడాన్, అంటే పోయినవాళ్ళని పలికించే మనిషి. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని పాట మొదలుపెట్టి, తనకు ముందు ఆ పని చేసినవాళ్ళని పిలుస్తుంది. ఆమె ప్రాణం నిటారైన దారిలో కిందిలోకానికి దిగుతుంది. దిగేసరికి ఒళ్ళు కొయ్యబారిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకుని ఆ చేతులూ కాళ్ళూ వంచాలి, ఒకరి బలం చాలదు. అప్పుడు ఆ ఖాళీ అయిన ఒంట్లోకి పోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె నోటితో మాట్లాడతారు. రాగానే కల్లు అడుగుతారు, జీలుగు కల్లు. తర్వాత తగువు మొదలవుతుంది. 'నాకు జబ్బు చేస్తే ఎందుకు చూడలేదు?' 'చూశాం, నువ్వే మందు తాగలేదు.' 'నా పొలం ఎవడు దున్నుతున్నాడు?' 'నువ్వు పోయాక నీ తమ్ముడు.' భార్య ఏడుస్తుంది, మరదలు వేళాకోళం ఆడుతుంది, పక్కింటాయన మధ్యలో దూరి పాత బాకీ సంగతి ఎత్తుతాడు. గంటల కొద్దీ. ఒక్కరోజుతో అయ్యేది కాదు, దున్నపోతును కొట్టి రాయి పాతే పని, ఏటేటా చేసే విందులు, ఇలా దాదాపు మూడేళ్ళు సాగుతుంది. పోయినవాడు మొదట్లో ఏ బాధతో పోయాడో ఆ బాధలోనే ఉంటాడు. చిరుత చంపినవాడు చిరుత వశంలో, మశూచితో పోయినవాడు మశూచి వశంలో. అక్కడినుంచే బతికున్నవాళ్ళకు అదే జబ్బు అంటిస్తాడు. మాట్లాడి మాట్లాడి అతన్ని అక్కడినుంచి కదిలించి పెద్దల్లో కలపాలి. కలిశాక అతని పేరు పుట్టబోయే బిడ్డకు పెట్టుకోవచ్చు.

మేనకోడలు: నేనూ అదే అంటున్నాను. ఫ్రాయిడ్ 1917లో శోకం మీద రాసిన వ్యాసంలో, పోయినవాళ్ళ మీద పెట్టుకున్న మమకారాన్ని కొద్దికొద్దిగా వెనక్కి తీసుకోవడమే శోకం చేసే పని అన్నాడు. విటెబ్స్కీ సవరల్ని ఆయన పక్కన నిలబెట్టి చూశాడు. ఫ్రాయిడ్ లెక్కన ఆ పని బతికున్నవాడు ఒంటరిగా చేసుకోవాలి. సవరల దగ్గర పోయినవాడూ ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా మాట్లాడుతూనే ఉంటారు. నా గదిలో జరిగేదీ ఆ మాట్లాడటమే.

మావయ్య: నీ గదిలో పక్కింటాయన ఉన్నాడా? మరదలు ఉందా? 'అబద్ధం, ఆ రోజు నువ్వు అలా అనలేదు' అని చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? సవర మేళంలో పోయినవాడు చెప్పింది చెల్లదు, అందరూ కలిసి తేల్చిందే చెల్లుతుంది. అక్కడ జ్ఞాపకానికి సాక్షులున్నారు. ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో చేసిన పరీక్ష నీకు తెలుసు. చిన్నప్పుడు బజారులో తప్పిపోయావని లేని సంగతి ఉన్నట్టు చెబితే 24 మందిలో పావు వంతు మంది పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. డోలు లేకుండానే, కళ్ళకు గుడ్డ లేకుండానే. అమెరికాలో 1980, 90లలో ఇలాగే గదుల్లో జ్ఞాపకాలు తవ్వి, జరగని అత్యాచారాలు జరిగాయని నమ్మించి ఎన్ని సంసారాలు కూల్చారో చదువుకోలేదా?

మేనకోడలు: చదువుకున్నాను. నేను జ్ఞాపకాలు తవ్వను. చూసింది చూసినట్టు చెప్పమంటాను, అది నిజంగా జరిగిందని ఎక్కడా అనను. సాక్షులు సాక్షులంటున్నావు, ఆ సాక్షుల్లోనే చేసినవాడు ఉంటే? చిన్నప్పుడు మేనత్త కొడుకు చేసిన పాడుపని ఒక అమ్మాయి ఎవరి ముందు చెప్పాలి? ఆ మేనత్త ముందా? పదిమందిలో ఆ మాట ఎత్తితే మొదట నోరు మూయించేది ఆ పదిమందే. అలాంటివాళ్ళకు తలుపు వేసి ఉన్న గదే కావాలి మావయ్యా. నీ సవర మేళంలో ఆడదాని మాట చెల్లుతుందేమో, మన పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో చెల్లదు.

ఇక్కడ నేను పూర్తిగా ఆమె పక్షం. చుట్టాలు చుట్టూ ఉండటం మందు అని మనం తేలిగ్గా అనేస్తాం. చుట్టరికమే గాయమైన ఇళ్ళు ఈ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఒక అపరిచితురాలి ముందు కూర్చుని మొదటిసారి నోరు విప్పడం చిన్న సంగతి కాదు.

మావయ్య కూడా దాన్ని కాదనలేదు. దారి మార్చాడు.

మావయ్య: సరే, డోలు పక్కన పెట్టు. ఆ రెండోది ఏటి? మనిషిని ముక్కలు చేసి మాట్లాడించేది.

మేనకోడలు: ముక్కలు చేసేది కాదు, ఉన్నవాళ్ళని పలకరించేది. రిచర్డ్ ష్వార్ట్జ్ అనే ఆయన కుటుంబ చికిత్స చేసేవాడు. 1980లలో తిండి జబ్బులున్న ఆడపిల్లలకు వైద్యం చేస్తుంటే వాళ్ళు 'నాలో ఒకరు తినమంటారు, ఇంకొకరు తిడతారు' అని చెప్పారు. ఆయన దాన్ని మాటవరసకన్నదిగా తీసుకోకుండా, ఇంట్లో మనుషుల మధ్య గొడవ ఎలా వింటాడో అలాగే విన్నాడు. అలా పుట్టింది ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్. లోపల కొందరు బండి పట్టాలు తప్పకుండా చూస్తుంటారు, వాళ్ళని మేనేజర్లంటాడు. కొందరు మంట లేవగానే ఆర్పడానికి పరిగెత్తుతారు. తాగుడు, తిండి, కోపం వాళ్ళ చేతుల్లో ఉంటాయి. వీళ్ళంతా కలిసి మూలన తోసిపెట్టిన ఒక పసివాడు ఉంటాడు, భరించలేని సంగతి అతని దగ్గర ఉంటుంది. వీళ్ళెవరూ కాని నింపాదైన మనిషి కూడా ప్రతివాళ్ళలో ఉన్నాడంటాడు ష్వార్ట్జ్. మాట్లాడించాల్సింది ఆ మనిషి చేత.

మావయ్య: ఊరికే చెబితే నాకు ఎక్కదు. ఒక మనిషిని చూపించు.

మేనకోడలు: పేరు, పని చేసే చోటు చెప్పను. ఫర్నేసు దగ్గర పని. ఒకరోజు స్నేహితుడితో షిఫ్టు మార్చుకున్నాడు. తన బదులు సి షిఫ్టుకు వెళ్ళిన ఆ స్నేహితుడు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి ఇతను ఒక్క డ్యూటీ మానలేదు, ఒక్క రాత్రి తాగకుండా పడుకోలేదు. నా దగ్గర కూర్చుని తాగుడును తిట్టుకుంటుంటే ఆపమన్నాను. 'ఆ తాగించేవాడు ఒంట్లో ఎక్కడున్నాడు?' అని అడిగాను. దవడ దగ్గర, అన్నాడు. 'తాగించడం మానేస్తే ఏమవుతుందని వాడి భయం?' చాలాసేపు దవడ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వేరే గొంతుతో కాదు, తన గొంతుతోనే చెప్పాడు: 'ఫోను మోగుతుంది.' ఆ రాత్రి షిఫ్టు మార్చుకుందామా అని ఇతను చేసిన ఫోను. ఏళ్ళ తరబడి తాగుతున్నది ఆ ఒక్క ఫోను మోగకుండా చూసుకోవడానికి. ఆ సంగతి అతనికి ఆ రోజుదాకా తెలియదు మావయ్యా. తాగించేవాడు శత్రువు కాదు, కాపలాదారు అని తెలిసిన రోజునుంచి తాగుడు తగ్గింది. మానలేదు, తగ్గింది.

మావయ్య: బాగుంది. మనస్ఫూర్తిగా అంటున్నాను, బాగా అడిగావు. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పోయినవాడికి పెళ్ళాం ఉందా?

మేనకోడలు: ఉంది. కూతురూ ఉంది.

మావయ్య: ఇతను వాళ్ళింటికి వెళ్ళాడా?

మేనకోడలు: లేదు. మేం గదిలో ఖాళీ కుర్చీ వేసి, అందులో స్నేహితుణ్ణి కూర్చోబెట్టినట్టు అనుకుని మాట్లాడాం.

మావయ్య: కుర్చీ ఏమంది?

మేనకోడలు: క్షమించానంది.

మావయ్య: అనదా మరి! కుర్చీ చేత పలికించింది అతనే కదా. సవర ఊళ్ళో అయితే ఆ స్నేహితుడు కుడాన్ నోట వచ్చి 'నా బదులు నువ్వు పోవాల్సింది' అనేవాడు. ఆ పెళ్ళాం అక్కడే ఉండి, ముందు ఇతన్ని తిట్టి, తర్వాత మొగుణ్ణి 'నువ్వే కదా ఓవర్‌టైమ్ డబ్బుల కోసం ఒప్పుకున్నావు' అని తిట్టేది. ఇతనికి తెలియని ఆ సంగతి అక్కడ బయటపడేది. తన తలలో ఉన్నదానితో ఎంతసేపు మాట్లాడినా తలలో లేనిది తెలియదమ్మడూ.

ఈ సంవాదంలో నాకు అన్నిటికంటే బరువుగా తోచిన మాట ఇదే. జాలారిపేట తల్లి కొడుకుతో మాట్లాడుకోవడం పేటకు వినిపిస్తుంది, పేట తిరిగి అడుగుతుంది. డోలు ప్రయాణంలో అడిగేదీ పలికేదీ ఒకే మనిషి. పార్ట్స్ వర్క్‌లో కౌన్సెలర్ ఎదురుగా ఉంటుంది కాబట్టి కొంత నయం. అయినా ఆమెకు ఆ స్నేహితుడు తెలియదు, ఆ ఇల్లు తెలియదు. దుఃఖంలో ఉన్నవాడికి లోపలి ఊరట ఒకటి కావాలి. దాంతోపాటు, తాను ఊహించని బదులు ఒకటి బయటినుంచి రావాలి. ఆ రెండోది అమ్మకానికి దొరకదు.

మేనకోడలు దీనికి చెప్పిన జవాబు కూడా అంతే బరువైనది.

మేనకోడలు: ఆ ఊరు ఎక్కడుంది మావయ్యా? సవరల సంగతే చూడు. విటెబ్స్కీ మళ్ళీ మళ్ళీ వెళ్ళి 2017లో ఇంకో పుస్తకం రాశాడు, 'లివింగ్ వితవుట్ ద డెడ్' అని. ఆయన మొదట చూసిన ఆ సంభాషణలు ఒక్క తరంలో ఆగిపోయాయి. పిల్లలు బాప్టిస్టులయ్యారు, కొందరు హిందూ భక్తి మార్గాల్లోకి వెళ్ళారు. చదువుకున్నారు, ఆఫీసర్లకు ఎదురు నిలబడటం నేర్చుకున్నారు, దున్నల కోసం అప్పు చేయడం తప్పింది. దాన్ని తప్పుపట్టడానికి మనమెవరం? కానీ పోయినవాళ్ళు మాట్లాడటం మానేశారు. ఇక మన ఊరు. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన చేశారు. ఇరవై వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు, అరవై పైచిలుకు ఊళ్ళు లేచిపోయాయి. చేతిలో ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల కార్డు, పెట్టి కాలనీల్లో సర్దారు. ఒకే వీధిలో పుట్టిన పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు ఒకడు అగనంపూడిలో, ఒకడు పెదగంట్యాడలో తేలారు. 1933లో రేవు తెరిచినప్పటినుంచీ ఈ ఊరికి వచ్చినవాళ్ళలో చాలామంది తమ చచ్చినవాళ్ళని వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో వదిలి వచ్చారు. క్వార్టర్స్‌లో మూడో అంతస్తు మనిషికి నువ్వు చెప్పే మరదలెవరు, పక్కింటాయనెవరు? నేను వాళ్ళ ఊరు లాక్కోలేదు. ఊరు లేని చోట ఒక గది తెరిచాను.

మావయ్య: ఊరు ఉన్న చోట కూడా గదులే తెరుస్తున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి చుట్టేసి 12 మంది పోయారు. ఆ చీకట్లో పడిపోయినవాళ్ళని దాటుకుంటూ పరిగెత్తినవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు. ఎవరు ఎవర్ని లాక్కెళ్ళారో, ఎవరు వెనక్కి చూడలేదో వాళ్ళకే తెలుసు. అలాంటివాళ్ళని ఒక్కొక్కర్ని పిలిచి మీ లోపలి పసివాడితో మాట్లాడుకోండి అంటే నాకు కోపం వస్తుంది. వాళ్ళని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టాలి.

మేనకోడలు: దానికి నేనూ వస్తాను. పిలిస్తే డోలు ఇంట్లో పెట్టి వస్తాను.

మావయ్య: డోలు ఇంట్లోనే ఉండనీ. ఇప్పుడు నర్సుగా మాట్లాడుతున్నాను, విను. ఒంటిమీదికి రావడం, గొంతులు వినడం, కిందిలోకానికి దిగడం, ఇవన్నీ పుణ్యమే అని నువ్వు ప్రచారం చేస్తే, నిజంగా గొంతులు వినిపించే కుర్రాడు ఆస్పత్రికి రావడం ఆరునెలలు ఆలస్యమవుతుంది. మా రోగులు ఎలా వచ్చేవారో తెలుసా? మణికట్ల మీద తాడు గుర్తులతో. ఏదో గుడి దగ్గరో దర్గా దగ్గరో కట్టేసి ఉంచి, నయం కాక, చివరికి మా దగ్గరికి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది నిప్పంటుకుని లేవలేక పోయారు. మన మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టాడన్న అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు ఇప్పటికీ వస్తున్నాయి. జబ్బుకు కారణం కనిపించని మనుషులనే నమ్మకం ఎప్పుడూ ఊరట దగ్గరే ఆగదు. మీ ష్వార్ట్జ్ శిష్యులూ ఆగలేదు. రాబర్ట్ ఫాల్కనర్ 2023లో రాసిన పుస్తకం నువ్వే కదా నాకు ఇచ్చావు. లోపల ఉన్నవాళ్ళలో కొందరు మన భాగాలు కారట, బయటినుంచి చేరినవాళ్ళట. ఇంకేం, దయ్యం తిరిగి వచ్చింది, కోటు వేసుకుని.

మేనకోడలు: ఆ పుస్తకం నాకూ మింగుడుపడలేదు, అందుకే నీకిచ్చాను. కానీ ఆస్పత్రికి రానిది నా డోలు వల్ల కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూడు, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి ఏ వైద్యమూ అందడం లేదు. వచ్చినవాళ్ళకు ఏ ఓపీలోనైనా దొరికేది చీటీ, ఐదు నిమిషాలు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, మళ్ళీ నెలకు రండి. షిఫ్టు మార్చుకున్న ఫోను సంగతి ఐదు నిమిషాల్లో ఎవడు చెబుతాడు?

మావయ్య: చెప్పడు. అది మా లోటే.

మేనకోడలు: పార్ట్స్ వర్క్ మీద పరిశోధన బొత్తిగా లేదనకు. 2013లో కీళ్ళవాతం ఉన్న 79 మంది మీద చేసిన పరీక్షలో నొప్పీ కుంగుబాటూ తగ్గాయి.

మావయ్య: ఒక చిన్న పరీక్ష. మంచిదే, ఉండనీ. డోలుకు అదైనా చూపించు.

మేనకోడలు: డోలుకు చూపించలేను.

ఆమె అంత సూటిగా ఒప్పుకోవడం నాకు నచ్చింది. ఆ మాట తర్వాత మావయ్య గొంతు కూడా మారింది. ఇద్దరూ కాసేపు పని సంగతులు మాట్లాడుకున్నారు. ఇకనుంచి చాప మీద పడుకోబెట్టే ముందు ప్రతి ఒక్కర్నీ గొంతులు వినిపించాయా, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బుందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఆత్మహత్య ఆలోచన వచ్చిందా అని అడుగుతానంది. వచ్చిందంటే డోలు లేదు, డాక్టరే. ఏ వేళైనా 14416కి, టెలీ మానస్‌కి ఫోన్ చేయవచ్చని గోడ మీద పెద్దక్షరాలతో రాయించమన్నాడు మావయ్య. వేసుకుంటున్న మాత్రలు ఎవరి చేతా మాన్పించకూడదన్నాడు. ఆమె ఎన్నడూ మాన్పించలేదంది. డబ్బు దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. కుడాన్ పొలం పని చేసుకునే మనిషి, ఆమెకు అది బతుకుతెరువు కాదు అన్నాడాయన. నాకు అద్దె కట్టాలి, నీకు పింఛను వస్తోంది అందామె. ఇందులో నాకు మావయ్య మాట అన్యాయంగానే తోచింది. వినడం ఒక పనైనప్పుడు ఆ పని చేసినవాళ్ళు తినాలి.

తర్వాత మాట మళ్ళీ ఫర్నేసు మనిషి మీదికి మళ్ళింది.

మావయ్య: అతన్ని ఆ ఇంటికి పంపించు.

మేనకోడలు: పంపించడానికి నేనెవర్ని? పైగా ఆవిడ ఒప్పుకోవాలని ఎవరికైనా తోచిందా? మొగుణ్ణి పోగొట్టుకుని కూతుర్ని పెంచుకుంటోంది. ఇతని తాగుడు మాన్పించే బాధ్యత కూడా ఆవిడ మీద వేస్తావా? సవర ఊళ్ళో ఆ మేళానికి వచ్చి తిట్టడం భార్యకు హక్కు. ఇక్కడ ఒక సాయంత్రం తలుపు తట్టి 'నీ మొగుడు నా బదులు చచ్చాడు' అంటే ఆవిడకు ఏం మిగులుతుంది?

మావయ్య: అడిగే వెళ్ళాలి. నువ్వు అడక్కు, అతనూ అడక్కూడదు. వాళ్ళ యూనియన్‌లో పెద్దమనిషి ఎవరైనా ఉంటాడు కదా, శవాన్ని ఇంటికి చేర్చినప్పుడు వెంట వెళ్ళినవాడు, పరిహారం కాగితాల మీద సంతకాలు పెట్టించినవాడు. ఆవిడ అతన్ని ఎరుగును. అతను అడగాలి, 'ఫలానావాడు నీతో మాట్లాడాలంటున్నాడు, వింటావా అమ్మా' అని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనకూడదు.

మేనకోడలు: వద్దంటే?

మావయ్య: వద్దంటే అప్పుడు నీ గదిలో కుర్చీ వేసుకో. ముందు కాదు.

మేనకోడలు: ముందే వేయాలి మావయ్యా. ఆవిడ వద్దన్న రాత్రి అతను తాగకుండా పడుకోవాలంటే ముందే వేయాలి.